వరద నీటిలో నడిచిన లారీలు, ట్రాక్టర్లు: నీటి నష్టాన్ని గుర్తించే పరిశీలనా క్రమం

కోస్తా ఆంధ్రలో ఖరీఫ్ వరి కోతకు వచ్చే అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలే బంగాళాఖాతంలో తుపానులు తరచుగా ఏర్పడే కాలం కూడా. కళ్లంలో ధాన్యం, రోడ్డు మీద లారీ, చేలో ట్రాక్టరు ఒకే సమయంలో నీటి పాలయ్యే ప్రమాదం ఈ ప్రాంతంలో ఏటా పొంచి ఉంటుంది. కోతల కాలానికి ముందు కూడా ఈ ముప్పు తప్పడం లేదు. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 71 అడుగులు దాటింది. 2024 సెప్టెంబరు మొదటి వారంలో ప్రకాశం బ్యారేజీ నుండి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగువకు సాగింది. అదే వారంలో బుడమేరు విజయవాడను, మున్నేరు ఖమ్మాన్ని ముంచెత్తాయి. ఇండ్లు, పైర్లు, పశువులతో పాటు వాహనాలు కూడా పెద్ద సంఖ్యలో నీట మునిగాయి.

వరద అనంతర సూచనలు సాధారణంగా పైరు చుట్టూ తిరుగుతాయి. మురుగు నీటిని తీయడం, పైపాటుగా నత్రజని వేయడం, తెగుళ్లను అరికట్టడం వంటి అంశాలకు అందులో ప్రాధాన్యం ఉంటుంది. ఇది సహజమే. అయితే తిరిగి నారు పోసి, దమ్ము చేసి, నాట్లు వేయవలసిన రైతుకు ట్రాక్టరు కదలనిదే ఆ సూచనలేవీ అక్కరకు రావు. ట్రాక్టరును అద్దెకు తిప్పుకునే వానికి, సొంత లారీతో ధాన్యం తోలుకునే వానికి ఆ వాహనమే జీవనాధారం. చాలా సందర్భాలలో దాని మీద అప్పు కూడా తీరి ఉండదు. వరద తగ్గిన తరువాత మొదటి గంటలో ఆ వాహనం విషయమై తీసుకునే ఒక్క నిర్ణయం వేల రూపాయల ఖర్చుకూ, లక్షల రూపాయల నష్టానికీ మధ్య గీతగా నిలుస్తుంది. మెకానిక్కు కంటె ముందుగా గ్రామానికి చేరేది తరచుగా విస్తరణ కార్యకర్తయే కనుక ఈ విషయంపై కనీస అవగాహన అవసరం.

దమ్ములో నడిచే ట్రాక్టరుకు వరద భయం లేదా?

ట్రాక్టరు నీటికి వెరవదన్న నమ్మకం రైతులలో బలంగా ఉన్నది. ఏటా దమ్ము చక్రాలతో నిలువ నీటిలో గంటల తరబడి నడిచే యంత్రానికి వరద నీరు ఒక లెక్కా అన్నది వారి వాదన. ఇందులో కొంత సత్యం లేకపోలేదు. అనేక ట్రాక్టర్లలో గాలి పీల్చే గొట్టం బానెట్టుకు పైన ఉంటుంది. ఇరుసుల చివర సీళ్లు బురదను తట్టుకొనే విధంగా అమర్చబడి ఉంటాయి. దమ్ముకు దిగే ముందు క్లచ్ గూటి అడుగున ఉన్న రంధ్రానికి బిరడా బిగించి, పని ముగిసిన తరువాత తీసివేయాలని తయారీదారులు సూచిస్తారు.

కాని దమ్ముకు, వరదకు మౌలికమైన భేదం ఉన్నది. దమ్ములో నీటి లోతు రైతు అదుపులో ఉంటుంది. బిరడా ముందుగానే బిగించబడుతుంది. వరదలో లోతు తెలియదు, ప్రవాహ వేగం తెలియదు, బిరడా బిగించే వ్యవధి ఉండదు. పైగా ఆ నీటిలో సన్నని ఒండ్రు, మురుగు, ఎరువుల లవణాలు, సముద్ర తీర మండలాలలోనైతే ఉప్పునీరు కూడా కలిసి ఉంటాయి. కాబట్టి దమ్ము అనుభవాన్ని వరదకు వర్తింపజేయరాదు.

నీరు లోనికి చేరే మార్గాలు

వాహనానికి కలిగిన నష్టాన్ని అంచనా వేయుటకు మొదట తెలియవలసినది నీరు ఎంత ఎత్తుకు చేరినదన్న విషయం. వాహనం మీద, గోడల మీద మిగిలిన బురద గీత ఇందుకు ఆధారం. నీటి ఎత్తును మూడు అంచెలుగా విభజించుకోవచ్చు.

మొదటి అంచె చక్రపు హబ్బుల వరకు. ఈ స్థాయిలో బ్రేకులు, హబ్బు బేరింగులు, డిఫరెన్షియల్ పరిశీలించవలసి ఉంటుంది. రెండవ అంచె ఇంజను అడుగు భాగం, గేరు పెట్టె, క్లచ్ గూడు, సెల్ఫ్ మోటారు వరకు. మూడవ అంచె గాలి పీల్చే ద్వారం, విద్యుత్ నియంత్రణ పెట్టె, క్యాబిన్ నేల మీది వరకు. పెద్ద లారీలలో గాలి గొట్టం క్యాబిన్ వెనుక ఎత్తుగా ఉండగా, చిన్న సరుకు వాహనాలలో అది చాలా తక్కువ ఎత్తున ఉంటుంది. అందువలన ఒకే లోతు నీటిలో లారీ క్షేమంగా బయటపడినా, వెనుకనే వచ్చిన చిన్న వాహనం ఇంజను దెబ్బతినవచ్చు. నిలిచి ఉన్న నీటి లోతును మాత్రమే లెక్కించడం కూడా పొరపాటే. వాహనం కదులుతున్నప్పుడు ముందు భాగాన నీరు అలగా లేస్తుంది. ఫ్యాను ఆ నీటిని ఇంజను అంతటా చిమ్ముతుంది.

అంతగా గమనింపబడని మార్గం మరొకటి ఉన్నది. బరువుతో చాలా దూరం నడిచిన లారీ డిఫరెన్షియల్ గూడు బాగా వేడెక్కి ఉంటుంది. అది ఒక్కసారిగా చల్లని వరద నీటిలో దిగినప్పుడు లోపలి గాలి కుంచించుకొంటుంది. ఉదాహరణకు 80 డిగ్రీల సెల్సియస్ నుండి 30 డిగ్రీలకు చల్లబడితే, గాలి రాకపోకలకు ఉద్దేశించిన బ్రీదరు మట్టితో పూడుకొని ఉన్న పక్షంలో, లోపలి పీడనం సుమారు 7వ వంతు తగ్గుతుంది. ఇది దాదాపు 1.4 మీటర్ల నీటి స్తంభం ఒత్తిడికి సమానం. ఆ లోటును పూరించుటకు నీరు సీళ్ల అంచుల గుండా లోనికి పీల్చబడుతుంది. హబ్బు వరకే నీరు వచ్చింది, లోపలికి పోయి ఉండదని భావించడం ఇందుచేతనే ప్రమాదకరం.

ప్రథమ నియమం: తాళం తిప్పరాదు

నీటిలో ఆగిపోయిన, లేదా మునిగి తేలిన వాహనాన్ని స్టార్టు చేసి చూడడం మానవ సహజమైన ఆతురత. అత్యధిక నష్టానికి కారణం కూడా అదే. గాలిని కుదించవచ్చు, నీటిని ఇంజనులోని ఒత్తిడితో కుదించడం సాధ్యం కాదు. డీజిలు ఇంజనులో ఈ సమస్య ఎంత తీవ్రమో చిన్న గణన ద్వారా గ్రహించవచ్చు.

మూడు సిలిండర్లు, మొత్తం 2700 ఘన సెంటీమీటర్ల సామర్థ్యం గల ట్రాక్టరు ఇంజనును తీసుకొందాము. ఒక్కొక్క సిలిండరు సామర్థ్యం 900 ఘన సెంటీమీటర్లు. సంపీడన నిష్పత్తి 18:1 అనుకొంటే, పిస్టను పైకొసకు చేరినప్పుడు మిగిలే ఖాళీ 900ను 17చే భాగించగా వచ్చే విలువ, అనగా సుమారు 53 మిల్లీలీటర్లు. చిన్న టీ గ్లాసులో సగం నీరు సిలిండరులో చేరితే చాలు, ఆ ఖాళీ పూర్తిగా నిండిపోతుంది. అంతకు మించి ఒక్క చుక్క ఉన్నా పిస్టను పైకి పోలేదు. తిరుగుతున్న ఇంజను బలమంతా కనెక్టింగ్ రాడ్డు మీద పడి అది వంగుతుంది, లేదా విరుగుతుంది. అందులో సగం నీరే ఉన్నా సంపీడన నిష్పత్తి దాదాపు 35కు పెరుగుతుంది. పెట్రోలు ఇంజనులో నిష్పత్తి తక్కువ కనుక ఖాళీ ఎక్కువ. డీజిలు ఇంజనుకు ఆ వెసులుబాటు లేదు.

కొద్దిగా వంగిన రాడ్డుతో కూడా ఇంజను స్టార్టు కావచ్చు. ఏమీ కాలేదని యజమాని సంతోషిస్తాడు. కాని ఆ సిలిండరులో సంపీడనం తగ్గుతుంది, తెల్లని పొగ వస్తుంది, ఇంజను నడక అసమంగా ఉంటుంది. కొన్ని వారాల తరువాత, బహుశా దమ్ము మధ్యలో, ఆ రాడ్డు విరిగి ఇంజను గోడను చీల్చుకొని బయటకు రావచ్చు. వరదకూ ఆ నష్టానికీ గల సంబంధం అప్పటికి ఎవరికీ జ్ఞాపకం ఉండదు.

ఈ కారణముచేత తాళం తిప్పరాదు, తోసి స్టార్టు చేయరాదు, గేరులో ఉంచి మరొక వాహనంతో లాగరాదు. బ్యాటరీ నెగెటివు తీగను ముందుగా, పాజిటివు తీగను తరువాత విప్పవలెను. వాహనాన్ని న్యూట్రలులో ఉంచి, వీలైనంతలో ప్రొపెల్లరు షాఫ్టు విప్పి లేదా చోదక చక్రాలను పైకెత్తి ఎత్తైన చోటికి చేర్చవలెను.

పరిశీలనా క్రమం

పరిశీలన ఒక క్రమంలో సాగినప్పుడే ఫలితం ఉంటుంది.

1. ఆయిళ్లు: వాహనాన్ని చదునైన నేల మీద కొన్ని గంటలు కదలకుండా నిలపవలెను. నీరు ఆయిలు కంటె బరువైనది కనుక అడుగుకు దిగుతుంది. తరువాత ఇంజను అడుగున ఉన్న డ్రెయిన్ ప్లగ్గును నెమ్మదిగా వదులు చేస్తే ఆయిలుకు ముందు నీరు కారడం గమనించవచ్చు. డిప్‌స్టిక్కు మీద ఆయిలు మట్టం మామూలు కంటె పెరిగి ఉండడం మొదటి సూచన. ఇంజను కొంత తిరిగి ఉంటే నీరు, ఆయిలు కలిసి పాలు కలిపిన కాఫీ రంగుకు మారతాయి. అనుమానం తీరనప్పుడు బాగా కాగిన రేకు మీద ఒక చుక్క ఆయిలు వేసి చూడవచ్చు. నీరు ఉంటే చిటపటమని బుడగలు లేస్తాయి. ఈ పరీక్షను డీజిలుకు, ఇంధనం దగ్గరలో ఉన్న చోట ఎట్టి పరిస్థితులలోను చేయరాదు. ఆయిలు పోసే మూత లోపల మాత్రమే కనిపించే పలుచని తెల్లని నురగ చల్లని వాతావరణంలో చెమ్మ వలన కూడా ఏర్పడుతుంది; దానిని మాత్రమే చూసి నిర్ణయానికి రాకూడదు. గేరు పెట్టె, డిఫరెన్షియల్, ట్రాక్టరు హైడ్రాలిక్ ఆయిలు, పవరు స్టీరింగు ఆయిలు వేటికవే విడిగా పరీక్షించవలెను. ఒకటి బాగున్నదని రెండవది బాగున్నట్లు కాదు.

2. గాలి మార్గం: ఎయిర్ ఫిల్టరు పెట్టెను విప్పి చూడవలెను. కాగితపు ఫిల్టరు తడిసినా, దాని మీద ఒండ్రు గీత ఉన్నా మార్చవలసినదే, ఎండబెట్టి వాడరాదు. ఆయిలు గిన్నె గల పాత తరహా ఫిల్టరులో ఆయిలు మట్టం పెరిగి ఉంటే నీరు చేరినట్లే. టర్బో ఉన్న వాహనాలలో ఇంటర్‌కూలరు అడుగున నీరు నిలిచి, ఇంజను వేగం పెరిగినప్పుడు ఒక్కసారిగా పీల్చబడే ప్రమాదం ఉన్నది కనుక గొట్టాలు విప్పి ఒంపివేయవలెను. పొగ గొట్టం మునిగి ఉంటే తెరిచి ఉన్న వాల్వు గుండా కూడా నీరు సిలిండరు చేరవచ్చు.

3. సిలిండర్లు: గాలి మార్గంలో తడి కనిపించినప్పుడు ఇంజెక్టర్లను విప్పి, క్రాంకు షాఫ్టును చేతి స్పానరుతో రెండు పూర్తి చుట్లు నెమ్మదిగా తిప్పవలెను. లోపలి నీరు రంధ్రాల గుండా వెలువడుతుంది. ముఖం దూరంగా ఉంచవలెను. మధ్యలో అడ్డు తగిలితే బలవంతం చేయరాదు. నీరు వెలువడిన తరువాత ప్రతి సిలిండరులో కొద్దిగా ఇంజను ఆయిలు పోసి మరల తిప్పినట్లయితే తుప్పు పట్టకుండా కాపాడవచ్చు. సిలిండర్లన్నింటి సంపీడనాన్ని కొలిచి పోల్చినట్లయితే వంగిన రాడ్డు బయటపడుతుంది. ఈ పని అనుభవం గల మెకానిక్కు చేతనే జరగవలెను.

4. ఇంధనం: డీజిలు నీటి కంటె తేలిక. ట్యాంకు అడుగున, ఫిల్టరు కింది గిన్నెలో నీరు నిలుస్తుంది. ఫిల్టరు అడుగు మరను వదిలి గాజు సీసాలోకి పట్టి కొంతసేపు ఉంచితే రెండు పొరలుగా విడిపోవడం చూడవచ్చు. ఇంధన పంపు, ఇంజెక్టర్ల లోపలి భాగాలకు డీజిలే కందెన. నీరు చేరితే అవి అరిగి, తుప్పు పట్టి పాడవుతాయి. కామన్ రైలు వ్యవస్థ గల కొత్త వాహనాలలో పీడనం వెయ్యి బార్లకు మించి ఉంటుంది కనుక ఈ నష్టం మరింత ఖరీదైనది. బి.ఎస్. 6 లారీలలో యూరియా ద్రావణపు ట్యాంకును కూడా పరిశీలించవలెను. వరద నీరు కలిసిన ద్రావణాన్ని పారబోసి ట్యాంకును శుభ్రపరచవలెను.

5. బ్రేకులు, క్లచ్, హబ్బులు: డ్రమ్ముల లోపల చేరిన ఒండ్రు ఎండి లైనింగులను అరగదీస్తుంది. డ్రమ్ములను విప్పి కడగవలెను. గాలి బ్రేకులు గల లారీలలో గాలి ట్యాంకుల అడుగు మరలను తెరిచి నీరు వదలవలెను. హైడ్రాలిక్ బ్రేకు ద్రవం తేమను పీల్చుకొనే స్వభావం గలది. డాట్ 3 రకం ద్రవానికి తాజాగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ మరుగు స్థానం నిర్దేశించబడగా, సుమారు 3.7 శాతం నీరు చేరిన స్థితికి అది 140 డిగ్రీలు మాత్రమే. ఘాటు రోడ్డు దిగేటప్పుడు బ్రేకు పడకపోవడానికి ఇది చాలు. క్లచ్ గూటి అడుగు బిరడాను తీసి నీరు, ఆయిలు కారుతున్నవేమో చూడవలెను. నిలిచిన తడిలో క్లచ్ ప్లేటు తుప్పుతో ఫ్లైవీలుకు అతుక్కుపోవచ్చు. హబ్బు బేరింగుల గ్రీజు తెల్లబారినా, పలుచబడినా పూర్తిగా కడిగి కొత్త గ్రీజు నింపవలెను. పైనుండి గ్రీజు గన్నుతో కొట్టినంత మాత్రాన లోపలి ఒండ్రు పోదు.

6. విద్యుత్ భాగాలు: సెల్ఫ్ మోటారు, డైనమోలను విప్పి ఆరబెట్టించవలెను. ఫ్యూజు పెట్టె, వైర్ల జాయింట్లు, నియంత్రణ పెట్టె కనెక్టర్లను శుభ్రమైన నీటితో తుడిచి, తగిన క్లీనరుతో శుద్ధి చేసి పూర్తిగా ఆరిన తరువాతనే బ్యాటరీ కలపవలెను. క్యాబిన్ సీట్ల అడుగు ఇనుప పట్టాల మీద, మ్యాటు కింద తడి, దుర్వాసన, ఒండ్రు గీతలు ఉన్నవేమో చూడవలెను. పాత లారీని కొనేవారికి కూడా ఇవే ఆనవాళ్లు ఉపకరిస్తాయి.

ఆలస్యంగా బయటపడే నష్టం

నీరు చేరినట్లు తేలిన ప్రతి భాగంలోను ఆయిలు, ఫిల్టరు మార్చి, కొద్దిసేపు బరువు లేకుండా నడిపి, మరల ఆయిలు స్థితిని చూడవలెను. ఒక్కసారి మార్చినంతనే గోడలకు అంటిన తేమ పూర్తిగా పోదు. రెండవసారి, అవసరమైతే మూడవసారి మార్చవలసి వస్తుంది. ఈ ఖర్చును చాలామంది దండుగగా భావిస్తారు. కాని గేరు పళ్లు, బేరింగుల ఖరీదుతో పోల్చినప్పుడు ఆయిలు ఖరీదు స్వల్పం. రాగి తీగల చివర పచ్చని చిలుము, బేరింగుల గరగర శబ్దం, అప్పుడప్పుడు వెలిగి ఆరే హెచ్చరిక దీపాలు వారాల తరువాత కనిపిస్తాయి. కనుక నీటిలో దిగిన వాహనాన్ని కనీసం ఒక పంట కాలం పాటు గమనిస్తూ ఉండడం మంచిది.

లారీలోని సరుకు

వ్యవసాయ దృష్టితో చూసినప్పుడు లారీతో పాటు అందులోని సరుకు కూడా పరిశీలించదగినదే. అడుగు వరుస బస్తాలు తడిసి, పై వరుసలు పొడిగా ఉన్నప్పుడు వాటిని వెంటనే వేరు చేయవలెను. లేనిచో తేమ పైకి పాకి, వేడి పుట్టి మొత్తం సరుకు చెడిపోతుంది. ధాన్యం కొనుగోలుకు అనుమతించబడే తేమ 17 శాతం. వాన నీటికి తడిసిన ధాన్యాన్ని పలుచగా ఆరబోసి కాపాడుకొనే అవకాశం ఉన్నది. మురుగు, డీజిలు, పురుగుమందులు కలిసిన వరద నీట నానిన ధాన్యాన్ని మాత్రం ఆహారానికిగాని, పశువుల దాణాకుగాని వాడరాదు. నానిన విత్తన సంచులను ఎండబెట్టి విత్తడం కంటె మొలక శాతం పరీక్షించి నిర్ణయించడం వివేకం. యూరియా 30 డిగ్రీల వద్ద గాలిలో తేమ సుమారు 72 శాతం దాటితేనే చెమ్మగిల్లుతుంది; తడిసిన లారీ తొట్టిలో పొడి బస్తాలను ఉంచినా గడ్డకట్టడం ఖాయం.

బీమా, భద్రత, పర్యావరణం

సమగ్ర మోటారు బీమా పాలసీలో వరద, తుపాను, ముంపు వలన కలిగే నష్టం ఇమిడి ఉంటుంది. కేవలం ఇతరుల నష్టానికి సంబంధించిన పాలసీలో సొంత వాహనానికి రక్షణ లేదు. సమగ్ర పాలసీలో సైతం పర్యవసాన నష్టానికి మినహాయింపు ఉంటుంది. మునిగిన ఇంజనును స్టార్టు చేయడం వలన విరిగిన రాడ్డును ఈ కోవలో చేర్చి పరిహారం నిరాకరించే అవకాశం ఉన్నది. కనుక వాహనాన్ని కదపక ముందే బురద గీత, నంబరు పలక, పరిసరాలు కనిపించేలా ఫొటోలు తీసి, సంస్థకు తెలియజేసి, సర్వేయరు చూసిన తరువాత విప్పించడం మేలు.

మునిగిన వాహనం వద్దకు వెళ్లేటప్పుడు క్యాబిన్‌లో, బానెట్టు కింద పాములు, తేళ్లు చేరి ఉండవచ్చునని గుర్తించవలెను. కాళ్లకు పుండ్లు ఉన్నవారు బూట్లు, చేతి తొడుగులు లేకుండా ఆ బురదలో పని చేస్తే ఎలుక జ్వరం సోకే ప్రమాదం ఉన్నది. జ్వరం, కండరాల నొప్పులు కనిపించిన వెంటనే వైద్యుని సంప్రదించవలెను. పారబోసిన ఆయిలును కాలువలోకి, చేలోకి వదలరాదు. దానిని డబ్బాలలో సేకరించి అనుమతి పొందిన పునఃశుద్ధి కేంద్రాలకు చేర్చవలెనని 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు నిర్దేశిస్తున్నాయి.

ఉపసంహారం

నీటిలోకి దిగకుండా ఆగడమే అన్నింటికంటె చౌకైన రక్షణ. నీట మునిగిన ప్రతి ఘనమీటరు భాగానికి సుమారు 1000 కిలోల బలం వాహనాన్ని పైకి నెడుతుంది. బరువు లేని లారీ, ఖాళీ ట్రక్కు తగిలించిన ట్రాక్టరు కాజ్‌వేల మీద కొట్టుకుపోవడానికి మూలం ఇదే. అప్పటికే నీటిలో దిగిన వాహనం విషయంలో తాళం తిప్పకపోవడం మొదటి మందు, క్రమబద్ధమైన పరిశీలన రెండవ మందు.

వ్యవసాయ ఇంజనీరింగు విద్యార్థులు ఈ పరిశీలనా క్రమాన్ని ఒక పుట పట్టికగా రూపొందించి, తుపాను కాలానికి ముందే రైతు సేవా కేంద్రాలలో, యంత్రాల అద్దె కేంద్రాలలో ప్రదర్శించవచ్చును. కృషి విజ్ఞాన కేంద్రాల శాస్త్రవేత్తలు పైరు రక్షణ సూచనలతో పాటు "మునిగిన బండిని స్టార్టు చేయవద్దు" అన్న ఒక్క వాక్యాన్ని చేర్చి ప్రచారం చేసినా చాలు. వరద తగ్గిన రోజున రైతు చేతిలో మిగిలి ఉన్నది ఆ యంత్రమొక్కటే కావచ్చు. దానిని నిలుపుకొన్నవాడే వదిలిపోయిన అదనులో మరల నాగలి పట్టగలుగుతాడు.